పంటిలో వెండి నిలిచిన కథ

అన్నములో రాయి పంటిక్రింద పడిన క్షణమును ఎరుగనివారు మనలో అరుదు. కటుక్కుమని చప్పుడగును, నాలుక వెంటనే అచ్చోటికి పరుగెత్తును, నిన్నటివరకు నునుపుగానున్న చోట నేడొక గుంటయు, ఒక పదునైన అంచును తగులును. మాకును అట్టి దినమొకటి సంభవించినది. ఎన్నడో పుచ్చి నింపించుకొన్న దిగువ దవడ దంతమొకటి, ఒక ప్రక్కగోడతోసహా విరిగి చేతిలోనికి వచ్చెను. సమీపముననున్న వైద్యుని యొద్దకు పోగా, ఆయన గుంటను శుభ్రపరచి, వెండిరంగు ముద్దను మరల నింపి పంపెను. నెల దాటకుండగనే, భోజనము మధ్యలో, ఆ ముద్ద యంతయు ఊడి విస్తరిలో పడెను. అది విరుగలేదు, అరుగలేదు, చెక్కుచెదరక నిగనిగలాడుచునే యుండెను. దానికి లేనిది బలము కాదు, పట్టు.

రెండవ వైద్యుడు దానిని చేతిలో త్రిప్పి చూచి, "ముద్ద మంచిదే, గది మంచిది కాదు" అనెను. ఆయన నింపిన పూరణము నేటికిని మా నోట నిలిచియున్నది. ఆ చిన్నమాటయే మమ్ము ఈ చరిత్రలోనికి దింపినది. దంతములో సగము పోయిన పిమ్మట, అంటుకొనని లోహమును మిగిలిన సగముపై నిలుపుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో దంతవైద్యులు నూరేండ్లకు పైగా గడపిరి. వారు గెలిచిన విధమును, పొరబడి దిద్దుకొనిన విధమును తెలిసికొనదగినవి.

ముందుగా ఆ ముద్ద యెట్టిదో చూతము. వెండి, తగరము, రాగి కలిసిన లోహపు పొడిని పాదరసముతో నూరినచో వెన్నవలె మెత్తనగును. దానినే అమాల్గం అందురు. కొన్ని నిమిషములలో గట్టిపడ నారంభించి, ఒక దినము గడచునప్పటికి రాయివలె నగును. తడి కొంత తగిలినను సహించును, వెల తక్కువ, చేతి పనితనము కొంత కొరవడినను క్షమించును. కాని దీనికొక స్వభావము కలదు. ఇది పంటిని అంటుకొనదు. పంటి గుంటలో ఇమిడి కూర్చుండునే కాని, బంకవలె పట్టుకొనదు.

పాత గోడపై క్రొత్తగా సున్నపు గచ్చు పూయు తాపీవాడు మొదట ఏమి చేయునో మనమెల్లరము చూచియే యున్నాము. నునుపైన గోడను ఉలితో కొట్టి గాట్లు పెట్టును. గచ్చు ఆ గాట్లలో దూరి గట్టిపడినపుడే గోడను వదలక యుండును. దంతవైద్యుని పనియు అట్టిదే. అయితే తాపీవాని గోడకు ప్రాణము లేదు. దంతమునకు ప్రాణము కలదు. వైద్యుడు పెట్టు ప్రతి గాటును ఒక సజీవాంగములో పెట్టు గాటే. ఈ భేదమును మరువరాదు. కథయంతయు దీనిపైననే నడచును.

వైద్యులు ఈ విషయమున రెండు గుణములను వేరుపరచి చెప్పుదురు. మొదటిది నిలుపుదల: జిగటపదార్థము నమలినపుడో, దవడ తెరచినపుడో పూరణము పైకి ఊడి రాకుండుట. రెండవది తట్టుకొను శక్తి: నమలునప్పటి ఒత్తిడికి పూరణము గాని, దానిని మోయు దంతము గాని పగులకుండుట. ఊడిపోవుట ఒకటి, పగిలిపోవుట వేరొకటి. మా మొదటి పూరణమునకు రెండవ గుణము కలదు, మొదటిది లేదు. మొదటిది కలిగి రెండవది లేని పూరణము దంతమునే చీల్చివేయవచ్చును. ఈ రెండింటిని ఒక్కచోట సాధించుటయే శిల్పము.

వెండి ముద్దతో దంతములను నింపు ప్రయత్నము చాల ప్రాచీనము. చైనాదేశమున తాంగ్ వంశపు రాజుల కాలములో, క్రీ.శ. 659 నాటి ఔషధ గ్రంథమున దీని ప్రస్తావన కలదు. ఐరోపాలో 1826 ప్రాంతమున పారిస్ నగర వైద్యుడు తవో వెండి నాణెముల పొడిని పాదరసముతో కలిపి వాడెను. 1833లో క్రాకూర్ సోదరులు అట్టి ముద్దను న్యూయార్క్ నగరమునకు కొనిపోయి, దానికొక రాజసమైన పేరు పెట్టి, బంగారమునకు బదులని చాటి అమ్మిరి. పుచ్చిన భాగమును సరిగా తొలగింపకయే ముద్దను అదిమి పంపెడివారు. బంగారు రేకుతో ఓపికగా దంతములను నింపు నిపుణులకు ఇది కంటగింపయ్యెను.

1840లో స్థాపింపబడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ డెంటల్ సర్జన్స్ అను సంఘము, 1845లో తన సభ్యులెవ్వరును అమాల్గం వాడరాదని ప్రమాణపత్రముపై సంతకములు కోరెను. నిరాకరించినవారితో కలహము పెరిగెను. 1850లో ప్రమాణమును రద్దు చేసినను చీలిక మానలేదు; 1856లో సంఘమే అంతరించెను. ఈ కలహములో ఇరుపక్షములవారును పదార్థమును గూర్చియే వాదించిరి. ఆ పదార్థమును ఉంచవలసిన గది యెట్లుండవలెనని శాస్త్రీయముగా విచారించుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టెను.

ఆ విచారమునకు కర్త గ్రీన్ వర్డిమన్ బ్లాక్. ఇల్లినాయ్ రాష్ట్రమున 1836లో జన్మించి, జాక్సన్‌విల్ పట్టణమున చిరకాలము వైద్యము చేసి, 1897లో షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ దంతవైద్య కళాశాలకు అధిపతియయ్యెను. లోహపు పొడి పాళ్ళను ఒక్కొక్కటిగా మార్చి, గట్టిపడిన ముద్ద వ్యాకోచించునో, సంకోచించునో తానే పరికరములు నిర్మించుకొని కొలిచెను. మూడింట రెండు వంతులకు దగ్గరగా వెండియు, నాలుగవ వంతు తగరమును ఉండు మిశ్రమము నమ్మదగినదని 1895, 1896 సంవత్సరములలో నిరూపించెను. మనుష్యుని కొరుకుడు బలమును సైతము యంత్రముతో కొలిచెను. వయోజనుని దవడ దంతముల నడుమ ఆ బలము నూరు పౌనులను సులభముగా మించును. వక్కను కొరుకునపుడు మన నోట నడచు యుద్ధమెట్టిదో దీనివలన ఊహింపవచ్చును.

1908లో ప్రకటించిన రెండు సంపుటముల గ్రంథమున బ్లాక్ గది నిర్మాణమును నియమబద్ధము చేసెను. గుంట అడుగు గిన్నెవలె గుండ్రముగా నుండరాదు. ఇంటి నేలవలె చదునుగా నుండవలెను. ఏలయన, గుండ్రని అడుగుపై కూర్చున్న ముద్ద ఒత్తిడికి ఒరగును. చదునైన నేలపై కూర్చున్నది ఒరగదు. గోడలు నిటారుగా ఎదురెదురుగా నిలువవలెను. లోపల కొంచెము వెడల్పై, నోటియొద్ద ఇరుకైనచో, కూజాలో గట్టిపడిన ముద్ద బయటికి రానట్లు పూరణమును ఊడి రాదు. దంతపు ప్రక్కభాగము పుచ్చినపుడు, నమలు పైభాగమున గూడ ఒక గదిని తవ్వి, రెండింటిని కలుపవలెను. పెట్టె మూలలను కూర్చు వడ్రంగి, కొన వెడల్పుగను మొదలు ఇరుకుగను చెక్కిన కొయ్య నాలుకను ఎట్లు బిగించునో, అట్లే ఆ పైగది ప్రక్కగదిని జారనీయక పట్టియుంచును.

ఈ నియమములు నేటి విద్యార్థియు మొదట నేర్చునవే. కాని వీనిలో ఒక భావము అంతర్గతమై యున్నది. గోడలుండవలెను! రెండు ఎదురెదురు గోడల నడుమ ముద్ద బిగిసియుండుటయే బ్లాక్ పద్ధతికి ప్రాణము. ఒక గోడ కూలిన దంతమునకు, రెండు మొనలు విరిగిన దంతమునకు, నాలుగు మొనలును పోయి చిగురు అంచున మొండివలె మిగిలిన దంతమునకు ఈ నియమములు తామై దారి చూపజాలవు.

అట్టి దంతమునకు బంగారమే గతియని పెద్దలు చెప్పిరి. 1907లో షికాగో వైద్యుడు విలియం టాగర్ట్ మైనముతో అచ్చు తీసి బంగారమును పోతపోయు విధానమును ప్రకటించెను. మన కంసాలులు, విగ్రహముల స్థపతులు తరతరములుగా ఎరిగిన మైనపుపోత వంటిదే అది. దానితో దంతమునకు తొడుగు చేయుట సులభమయ్యెను. కాని బంగారము కొనగలవారెందరు? కొనలేనివారికి మిగిలినది పట్టకారు. దవడ దంతమొకటి పోయినచో ప్రక్కదంతములు ఆ ఖాళీలోనికి ఒరగును. ఎదుటి దంతము క్రిందికి దిగును. నమలుట ఒకవైపునకే చేరును. ఒక పూరణము నిలుచుటయో, నిలువకపోవుటయో అను ప్రశ్న వెనుక ఇంత కలదు.

1958లో డెన్వర్ నగర వైద్యుడు మైల్స్ మార్క్‌లీ అమెరికన్ దంతవైద్య సంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. గోడలు లేనిచోట ఆయన చేసిన ఉపాయము సరళమైనది. మిగిలిన దంతములో సన్నని బరమాతో రంధ్రములు తొలిచి, తుప్పుపట్టని ఉక్కుతో చేసిన మరలుగల సన్నని తీగముక్కలను సిమెంటుతో వానిలో నిలిపెను. రంధ్రము తీగకంటె అంగుళములో వెయ్యవ వంతో, రెండు వెయ్యవ వంతులో మాత్రమే పెద్దది. తీగ సగము దంతములోను, సగము పైకిని ఉండును. ఆ పైకొనల చుట్టును అమాల్గంను దట్టించి క్రొత్త మొనలను కట్టెను. కూలిన గోడయొక్క పునాదిలో ఇనుప చువ్వలు నాటి, వాని చుట్టు క్రొత్త గోడ లేపినట్లయ్యెను. పట్టకారుకు పోవలసిన దంతములెన్నో ఈ యుపాయముచేత నోటనే నిలిచెను.

ఉపాయము ఫలించినపుడు దానిని పెంచువారును వెంటనే బయలుదేరుదురు. 1966లో గోల్డ్‌స్టీన్ అను వైద్యుడు సిమెంటు లేకయే, పిన్నుకంటె అంగుళములో వెయ్యవ వంతు చిన్నదైన రంధ్రము తొలిచి, పిన్నును అందులోనికి తట్టి బిగించెను. దంతపు ఎముకకు గల కొద్దిపాటి సాగుడుగుణమే దానిని పట్టియుంచును. అదే సంవత్సరము గోయింగ్ అను పరిశోధకుడు, మరమేకు కొయ్యలో దూరునట్లు తానే దారి చేసికొని దూరు పిన్నును వర్ణించెను. పరీక్షలలో తట్టి బిగించిన పిన్ను, సిమెంటు పిన్నుకంటె రెండు మూడు రెట్లును, మరపిన్ను మూడు మొదలు ఆరు రెట్లును గట్టిగా నిలిచెను. ఇక సిమెంటు కలుపు పనియు లేదు, ఆరువరకు వేచియుండు పనియు లేదు. మరపిన్ను త్వరలోనే మిగిలిన రెండింటిని వెనుకకు నెట్టెను.

మార్క్‌లీ వ్యాసపు శీర్షికలో నిలుపుదల అను మాటతోపాటు బలవర్ధనము అను అర్థముగల మాటయు నుండెను. కాంక్రీటులో ఇనుప చువ్వలున్నచో కప్పు బలపడుట అందరు చూచినదే. అమాల్గంలో ఉక్కు పిన్నులున్నచో అదియు బలపడునని తలచుట సహజము. కాని సహజముగా తోచినదెల్ల సత్యము కాదు. 1968లో గోయింగ్, మొఫా మొదలగువారు పిన్నులున్న అమాల్గంను, లేని అమాల్గంను యంత్రములో విరిచి చూచిరి. ఇతర పరీక్షలును జరిగెను. పిన్నుల వలన అమాల్గం బలము పెరుగలేదు. లాగుడుకు తాళు బలము తగ్గెను సైతము.

కారణము విచారింపగా తేటపడును. కాంక్రీటు చువ్వను గట్టిగా పట్టుకొనును. అమాల్గం దంతమును పట్టుకొననట్లే ఉక్కునుకూడ పట్టుకొనదు. కావున పిన్ను అమాల్గం నడుమ ఆధారము గాక, ఒక సందు వంటిదయ్యెను. అసలే అమాల్గం నొక్కుడుకు మిక్కిలి గట్టిది, లాగుడుకు మిక్కిలి పెళుసు. దాని లాగుడు బలము నొక్కుడు బలములో ఎనిమిదవ వంతుకు అటునిటుగా నుండును. అట్టిదానిలో సందు పెట్టుట పగులునకు దారి చూపుటయే. పిన్ను పూరణమును ఊడనీయదు. పగులనీయకుండ మాత్రము చేయజాలదు. ఈ విధముగా నిలుపుదల, తట్టుకొను శక్తి అను రెండు గుణములు వేరువేరని ప్రయోగశాలయే మరల బోధించెను.

దంతము వైపునుండి వచ్చిన హెచ్చరిక ఇంకను గంభీరమైనది. ఎక్కువ గట్టిగా పట్టు మరపిన్నే దంతపు ఎముకను ఎక్కువగా ఒత్తును. ఎండిన కొయ్యలో అంచునకు దగ్గరగా మరమేకు బిగించినచో చీలిక వచ్చుట మనమెరుగుదుము. దంతములోను అట్టి సన్నని చీలికలు కానవచ్చెను. లోపల నరములు, రక్తనాళములు గల గుజ్జుండును; వెలుపల వేరును దవడకు కట్టియుంచు పొర యుండును. బరమా ఒక మిల్లీమీటరు దారి తప్పినచో గుజ్జులోనికో, వెలుపలికో పోవును. కాపాడవచ్చిన చేయియే దంతమును పోగొట్టును. కావుననే గ్రంథములు నియమములు విధించెను. రంధ్రపు లోతు రెండు మిల్లీమీటర్లు చాలును. పిన్నుచుట్టు కనీసము ఒక మిల్లీమీటరు ఎముక యుండవలెను. పోయిన మూల యొక్కొక్కదానికి పిన్ను ఒక్కటి చాలును. వీలైనంత తక్కువ పిన్నులతో పని గడుపుటయే నేర్పు.

ఇచ్చట చరిత్ర వెనుదిరిగి చూచెను. పరాయి ఉక్కు అవసరమా? మిగిలిన దంతమునే మలచి పట్టు సాధింపరాదా? 1976లో బర్ట్‌సిల్, వెంటన్ అను వైద్యులు ఈ దారిని సూచించిరి. 1979లో ఔత్‌వైట్, గార్మన్, పాష్లీ అనువారు దంతపు చదునైన నేలలో చిన్న గాడిని తవ్వి, అందులోనికి అమాల్గంను దట్టించి, పిన్నులతో పోల్చి పరీక్షించిరి. నిలుపుదలలో గణనీయమైన భేదము కానరాలేదు. గాడి లోతు అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు, వెడల్పు అంతే, అడుగు నోటికంటె కొంచెము వెడల్పు. బ్లాక్ చెప్పిన కూజాయే చిన్నదై నేలలో దాగెనని చెప్పవచ్చును.

మరుసటి సంవత్సరము షావెల్ అను వైద్యుడు పిన్ను స్థానమున అమాల్గంనే నిలిపెను. దంతములో కొంచెము వెడల్పైన చిన్న గుంటలను తవ్వి, ముద్దను వానిలోనికి దట్టించినచో, అది గట్టిపడి తానే చీలలగును. పూరణమునకును దాని కాళ్ళకును నడుమ సందుండదు. అంతయు ఒకే లోహము. అదే 1980లో నయ్యర్, వాల్టన్, లెనర్డ్ అనువారు, గుజ్జు చనిపోయి వేరు వైద్యము జరిగిన దంతములకు వేరొక దారి చూపిరి. ఖాళీయైన లోపలి గదిలోనికిని, వేరు నాళములలో కొన్ని మిల్లీమీటర్ల లోతునకును అమాల్గంను నింపినచో, వేరుగా కడ్డీ నాటనక్కరలేదని వారు వివరించిరి. దంతము తన లోపల ఇదివరకే సిద్ధపరచియుంచిన గదినే వాడుకొనుట ఇందలి సుగుణము.

తట్టుకొను శక్తి విషయమున గూడ ఒక కఠినమైన వివేకము స్థిరపడెను. పలుచబడిన మొనను జాలితో అట్లే నిలిపినచో, అది ఒకనాడు చిగురు క్రిందివరకు చీలును. దానిని ముందే తగ్గించి, నమలు భారము మోయు మొనపై రెండు మిల్లీమీటర్ల మందమున అమాల్గంను కప్పినచో, దంతము దక్కును. కొంత వదులుకొని అంతయు కాపాడుకొనుట యిది. మా రెండవ వైద్యుడును ఇట్లే చేసెను. మిగిలిన మొనను తగ్గించుచుండగా మేము కలవరపడితిమి. "ఇది ఉంచినచో రేపు వేరును చీల్చును" అని చెప్పి తన పని సాగించెను. తరువాత అద్దములో చూపగా నేలయందు సన్నని గాడియొకటి కనబడెను. పిన్ను ఒక్కటియు లేదు.

ఈ కథ నేడు క్రొత్త మలుపు తిరిగినది. 1955లో బునోకోర్ అను శాస్త్రజ్ఞుడు ఆమ్లముతో పంటి పింగాణి పొరను గరుకు చేసి, రెసిన్ దానిని అంటుకొనునట్లు చేయవచ్చునని చూపెను. తాపీవాని గాట్లే యివి; కంటికి కనబడనంత సన్ననివి. దీనినుండి పుట్టిన పంటిరంగు పూరణములు నానాటికి అమాల్గం స్థానమును ఆక్రమించినవి. పాదరసము నేలను, నీటిని కలుషితము చేయకుండ 2013లో జపానుదేశపు మినమాటా పేరిట అంతర్జాతీయ ఒప్పందము కుదిరెను. మన దేశము 2018లో దానిని ధ్రువపరచెను. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుండి, వైద్యముచేత తప్పనిసరియైన సందర్భములలో తప్ప, అమాల్గం వాడుక నిషిద్ధము.

పదార్థము మారినను ప్రశ్న మారలేదు. ప్రక్కగోడలు కూలిన దంతముపై ఏ పూరణము కట్టినను, అది ఊడకయు పగులకయు ఉండవలెను. బంక యెంత మంచిదైనను, చదునైన నేలయు, తగిన మందమును, బలహీనమైన మొనకు కప్పును వైద్యుడు కూర్పవలసినదే. 1845లో పదార్థముకొరకు ప్రమాణములు చేసినవారు మరచినది, 1908లో గదిని గీచినవాడు గుర్తించినది, 1958లో ఉక్కును నాటినవాడు సగము గ్రహించి సగము పొరబడినది, 1980 నాటికి దిద్దుకొనబడినది, ఈ విషయమే. బయటినుండి తెచ్చిన బలముకంటె, మిగిలినదానిని తెలిసి మలచుకొనుటలోనే పట్టు కలదు.

మన యిండ్లలో పెద్దవారు విరిగిన దంతమును చూపి, "ఇక పీకించివేయుట మేలు" అనుట తరచుగా వినుచున్నాము. అట్టి మాట విన్నపుడు, పీకించుటకు ముందు వైద్యుని ఒక్క ప్రశ్న అడుగవలెనని మా మనవి: "ఇందులో నిలుపదగినంత దంతము మిగిలియున్నదా?" కొన్నిసార్లు లేదనియే సమాధానము రావచ్చును. కాని, మొండివలె కనబడు దంతములో సైతము ఒక చదునైన నేలకును, ఒక సన్నని గాడికిని చోటుండవచ్చును. మా దవడలో అంతకంటె ఎక్కువ మిగిలియుండలేదు. నేటికిని ఆ దంతముతోనే వక్క నములుచున్నాము. రాయి విషయమున మాత్రము కొంచెము జాగ్రత్తగా నున్నాము.